నేలలోని గొట్టములకు కావలి

2025 ఫిబ్రవరి 22వ తేదీన నాగర్‌కర్నూలు జిల్లాలోని దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము లోపల కప్పు కూలెను. ముఖద్వారమునుండి సుమారు 14 కిలోమీటర్ల దూరమున పనిలోనున్నవారిలో 8 మంది చిక్కుకొనిపోయిరి. వారు ఝార్ఖండు, ఉత్తరప్రదేశము, పంజాబు, జమ్మూకాశ్మీరములనుండి మన నల్లగొండ బీళ్లకు నీరు తెచ్చు పనికై వచ్చినవారు. బురదయు, ఊటనీరును, విరిగిన ఇనుమును అడ్డుపడి రక్షకులు ముందునకు సాగలేకపోగా, మార్చి నెలలో హైదరాబాదునకు చెందిన అన్వి రోబోటిక్స్ సంస్థవారి రోబో యంత్రములను లోనికి పంపిరి. ఇద్దరి భౌతికకాయములు మాత్రమే లభించెను. ఏప్రిలు నెలలో వెదకుట నిలిపివేయబడెను.

మనుష్యుడు చొరరాని చోటికి యంత్రమును పంపవచ్చునను సంగతి ఆ దినములలో ఈ ప్రాంతపు పల్లెలన్నింటికిని తెలిసినది. కాని ఆ యంత్రము వచ్చినది ప్రమాదము జరిగిన తరువాత. అదే యంత్రము ప్రమాదమునకు ముందు పోవలసిన చోట్లు మన జిల్లాలలో వేలకొలది కిలోమీటర్ల పొడవున నేలలో పూడ్చబడియున్నవి. అవి మన మంచినీటి గొట్టములు. గొట్టము లోపలికి రోబో యంత్రమును పంపి, దాని గోడకు సెన్సరులను అమర్చి, లోపలి స్థితిని నిత్యము తెలిసికొను విద్య నేడు లోకమున వృద్ధిచెందుచున్నది. సెన్సరు అనగా ఒత్తిడిని, ధ్వనిని, లోహపు మందమును కనిపెట్టి తెలుపు చిన్న పరికరము. ఈ విద్య మనకేల కావలసివచ్చినదో, దానిని ఎచ్చట, ఏ క్రమమున వాడుకొనవలెనో పాఠకుల యోచనకు తెచ్చుచున్నాము.

నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలు మెట్టభూములు. కృష్ణ మన పొలిమేరలను ఒరసికొని పారుచున్నను అది లోయలో పారుచున్నది, మన ఊళ్లు మిట్టమీద నున్నవి. నాగార్జునసాగరపు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు. ఆ నీటిని త్రాగు హైదరాబాదు నగరమో 1,700 అడుగులకు మించిన ఎత్తున నున్నది. నడుమనున్న మన పల్లెలకును నీరు తనంతట ఎక్కిరాదు. దానిని పంపులతో ఎత్తి, ఒత్తిడితో గొట్టములలో నడుపవలసియున్నది.

గొట్టపు నీరు రాకపూర్వము ఈ సీమ త్రాగినది బోరుబావుల నీరు. అందలి ఫ్లోరైడు విషము మఱ్ఱిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతములలో ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో చెప్పనక్కరలేదు. పిల్లల పండ్లు గారపట్టినవి, నడివయస్సువారి వెన్నులు వంగినవి, ఎముకలు బిగిసి లేవలేనివారు మంచములకు అంటుకొనిపోయిరి. నీటిలో లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించి ఫ్లోరైడు ఉండరాదనియు, వేరు దిక్కు లేనపుడు 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము నిర్ణయించుచున్నది. మన బోరులలో అనేకము ఈ హద్దును ఏనాడో దాటినవి. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించుటకు నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు కనిపెట్టిన పద్ధతికి లోకమున ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. ఒక జిల్లా పేరు శాస్త్రగ్రంథములకెక్కుటకు ఇంతకంటె దుఃఖకరమైన కారణము ఉండదు.

అందుచేతనే 2015 జూన్ 8వ తేదీన చౌటుప్పలులో మిషన్ భగీరథ పైలాను నెలకొల్పినపుడు ఈ జిల్లా ప్రజలు ఆశతో చూచిరి. ఆ పథకము క్రింద రాష్ట్రమున లక్ష కిలోమీటర్లకు మించిన గొట్టములు వేయబడెను. నల్లగొండ భాగమునకు అక్కంపల్లి, ఉదయసముద్రము మొదలగు జలాశయములనుండియు, పాలమూరు భాగమునకు శ్రీశైలపు వెనుకజలములనుండి ఎల్లూరు మీదుగాను కృష్ణాజలము వచ్చుచున్నది. ఇదిగాక అక్కంపల్లినుండి కోదండాపురపు శుద్ధికేంద్రము మీదుగా హైదరాబాదునకు పోవు మార్గమొకటి కలదు. దాని మొదటి దశ 2004 లోను, మూడవ దశ 2015 లోను నీరిచ్చెను. ఒక్కొక్క దశకు దినమునకు 9 కోట్ల గ్యాలనుల చొప్పున మూడు దశలకును 27 కోట్ల గ్యాలనులు లెక్కింపబడినవి. మన పొలముల క్రిందనుండి పోవు నీటిపై ఒక మహానగరము ఆధారపడియున్నది.

ఇట్టి గొట్టమునకు కలుగు రోగములు పైకి కనబడునవి కావు. ఉక్కుగొట్టము లోపలి పూత రాలినచోట తుప్పు పట్టి గోడ పలుచబడును. విద్యుత్తు ఒక్కసారిగా ఆగి పంపులు నిలిచినపుడు, పైకెక్కుచున్న నీరు వెనుకకు మఱలి గొట్టమును సమ్మెటతో మోదినట్లు మోదును. ఆ దెబ్బలు అతుకులను సడలించును. బండరాతిపైని, మెత్తని నల్లరేగడిలోను ఒకే గొట్టము సాగినచోట నేల అసమానముగా క్రుంగి లోహము వంగును. తుదకొక దినమున బాట నడుమనో, చేను నడుమనో నీరు తాటిచెట్టు ఎత్తున ఎగజిమ్మును. అప్పుడు ఇంజనీరులు పరుగెత్తుదురు, నీరు ఆపుదురు, నేల త్రవ్వుదురు. కృష్ణా మార్గమున మరమ్మతులకై ఒక దినమో, ఒకటిన్నర దినమో నీరు రాదని జలమండలివారు చేయు ప్రకటనలు హైదరాబాదు వాసులకు క్రొత్తవి కావు. నగరవాసి ఆ దినము ట్యాంకరు కొనును. మఱ్ఱిగూడ ప్రాంతపు పేదయిల్లాలు మూతవేసిన బోరును మఱల తెఱచును. ఈ భేదమును పాలకులు మనసున నిలుపుకొనవలెను.

గొట్టము పగిలిననే కీడు, కారిన కీడు లేదు అనుకొనుట పొరపాటు. మన ఊళ్లకు నీరు ఇరువదినాలుగు గంటలును రాదు. వచ్చు వేళ వచ్చి నిలిచిపోవును. నీరు నిలిచి లోపలి ఒత్తిడి తగ్గినపుడు, నీరు బయటికి కారిన ఆ పగులు గుండనే చుట్టునున్న మురికి లోనికి పీల్చబడును. కనుక చిన్న కారుడు నీటి నష్టముతో ఆగక వ్యాధికి వాకిలి అగుచున్నది. ఆ వాకిలి ఎచ్చట తెఱచియున్నదో కనిపెట్టుట ఆరోగ్యశాఖ పని వంటిదే.

లోపలి తుప్పును లెక్కచేయనిచో ఏమి జరుగునో ఆంధ్రదేశమునకు అనుభవమున్నది. 2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున, నాటి తూర్పుగోదావరి జిల్లాలోని నగరము గ్రామమున, గెయిల్ సంస్థవారి సహజవాయువు గొట్టము పగిలి మంటలు చెలరేగెను. 20 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. పొడి వాయువును నడుపుటకై ఉద్దేశించిన గొట్టములో తడితో గూడిన వాయువును నడపుటచే లోపల తుప్పు తినినదని విచారణలో తేలెను. పైనుండి చూచినవానికి అది నేలలోని గొట్టమే. లోపలినుండి చూచియుండినచో దాని స్థితి బయటపడియుండెడిది.

లోపలినుండి చూచు పనిముట్లు క్రొత్తవి కావు. 1960ల నుండియే అమెరికాలో నూనె గొట్టములందు ‘పిగ్’ అని పిలువబడు పరికరములను ప్రవాహముతోపాటు పంపి, అయస్కాంతశక్తిచే గోడల మందమును పరీక్షించుచున్నారు. మన దేశమునను పెట్రోలియము, సహజవాయువు గొట్టములకు కాలక్రమమున ఇట్టి పరీక్షలు జరుపవలెనను నియమములు కలవు. కెనడాలో పుట్టిన ‘స్మార్ట్‌బాల్’ అను బంతి నీటి గొట్టములో దొర్లుచు, కారుచున్నచోట పుట్టు సన్నని ధ్వనిని వినును. అయితే ఇవి ఒకమారు పోయి వచ్చునవి. అవి పోయిన మఱునాడు పుట్టిన పగులును చెప్పజాలవు.

ఈ కొఱతను తీర్చుటకే సెన్సరులను అమర్చు రోబోలు పుట్టినవి. చక్రములతోగాని, అయస్కాంతపు పట్టులతోగాని గొట్టపు గోడను పట్టుకొని నడచు యంత్రము ద్వారమునుండి లోనికి దిగును. కెమెరాతో చూచుచు, ధ్వనితరంగములతో మందమును కొలుచుచు సాగును. బలహీనమని తోచినచోట తుప్పు గీకి, శుభ్రపఱచి, సెన్సరును అతికించి, అది మాటాడుచున్నదని రూఢిచేసికొని ముందునకు పోవును. యంత్రము వెలికివచ్చిన పిదప సెన్సరు అక్కడనే కావలి యుండి, ఒత్తిడి తగ్గినను, గోడ సాగినను, క్రొత్త ధ్వని పుట్టినను తెలియజేయును. గొట్టము రాజమార్గము క్రిందనో, బండ క్రిందనో, పంటచేని నడుమనో పోవునపుడు పైనుండి త్రవ్వి సెన్సరు పెట్టుట కష్టము, నష్టము. లోపలినుండి పెట్టినచో ఒక ద్వారము చాలును. అమెరికాలో యూఎల్‌సీ రోబోటిక్స్ వారి ‘సిస్‌బాట్’ యంత్రము పోతయినుప గొట్టములలో గ్యాసు పారుచుండగనే లోనికి పోయి అతుకులను బిగించుచున్నది. మన పొరుగున చెన్నై ఐఐటీ ఆశ్రయమున పుట్టిన సొలినాస్ సంస్థవారు నీటి గొట్టముల పరీక్షకై ‘ఎండోబాట్’ అను రోబోను చేసిరి. కాబట్టి ఈ విద్యకై సముద్రము దాటిపోవలసిన అగత్యము లేదు. హైదరాబాదులోని ఇంజనీరింగు కళాశాలలకును, పరిశ్రమలకును ఈ పని అప్పగించినచో మన నేలకు తగిన యంత్రములను మనవారే చేయగలరు.

యంత్రమనగనే మోజుపడుటయు మాకు సమ్మతము కాదు. దీనికి హద్దులున్నవి. నేలలో పూడ్చిన లోహపు గొట్టములోనుండి రేడియో తరంగములు బయటికి రావు. కావున వార్త బయటికి చేరవేయు తీగెనో, ద్వారమువద్ద గ్రాహకమునో అమర్చవలెను. బ్యాటరీ తీరినపుడు మార్చుట యెట్లో ముందే నిశ్చయింపవలెను. మంచినీటిలోనికి పోవు యంత్రమును క్లోరినుతో శుద్ధిచేయవలెను. అతికించు జిగురు త్రాగునీటికి హాని చేయనిదై యుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఊరి వీధులలోని సన్నని ప్లాస్టిక్ గొట్టములకు ఈ రోబోలు పనికిరావు. అచ్చట ట్యాంకువద్ద నొక మీటరును, వీథి మొదట నొక ఒత్తిడి కొలతయును, దినదినము వానిని చూచు మనుష్యుడును చాలును. పెద్ద గొట్టమునకు చేయవలసిన వ్యయమును ప్రతి సందునకును చేయుదుమని కంట్రాక్టరులు ముందుకు వచ్చినచో ప్రభుత్వము లొంగరాదు.

యంత్రము వచ్చిన కూలివాని పని పోవునను భయము సహజము. వాల్వులు త్రిప్పు నీటిపనివానికి ఏ అతుకు ఏ వేసవిలో కారినదో తెలియును. ఆ తెలివిని త్రోసివేసి తెరమీది గీతలను నమ్ముకొనుట అవివేకము. వారికే శిక్షణనిచ్చి, వారితోపాటు ఐటీఐ చదివిన గ్రామయువకులను చేర్చి ఈ పని నడుపవలెను. యంత్రము తొలగింపవలసినది ఒక్కదానినే: ఊపిరాడని గొట్టములోనికి మనిషిని ప్రాకించుట. మురుగుకాలువలలోనికి రక్షణ లేకుండ మనిషిని దింపరాదని 2013 నాటి చట్టము నిషేధించినది. కేరళలో పుట్టిన ‘బ్యాండికూట్’ వంటి రోబోలు ఆ పనిలోనికి వచ్చినవి. నీటి గొట్టములలో మరమ్మతు చేయువాని ప్రాణమునకును అంతే విలువ కలదు.

ఇక ఈ విషయములోని ప్రధానాంశమునకు వచ్చుచున్నాము. కొలుచుటతో పని తీరదు. కొలతను చదివి కదలువాడు ఉండవలెను. శ్రీశైలము సొరంగమున 13.88 కిలోమీటర్లకును 13.91 కిలోమీటర్లకును నడుమ శిల బలహీనమనియు, నీరుగల పొర యున్నదనియు 2020 లోనే ఒక విదేశ పరిశీలక సంస్థ నివేదికలో సూచించెనని ప్రమాదానంతరము పత్రికలలో వచ్చెను. ఆ నివేదిక ఎవరి బల్లపై నుండెనో, ఎవరు చదివిరో అను ప్రశ్న 8 కుటుంబములకు ఊరికే వేయు ప్రశ్న కాదు. పిమ్మట 2025 నవంబరులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ తోడ్పాటుతో హెలికాప్టరునుండి ఆ కొండల గర్భమును పరిశీలించు కార్యమును ప్రభుత్వము ఆరంభించినది. త్రవ్వుటకు ముందు చూచు ఆ క్రమము మెచ్చదగినది. అదే క్రమము గొట్టముల విషయమునను అవలంబింపవలెను. రేపు వేయి సెన్సరులు పెట్టి, అవి చెప్పినదానిని ఏ కార్యాలయములోనో బంధించినచో, మనము కొన్నది కావలివాని దుస్తులే గాని కావలివానిని కాదు.

కావున ప్రభుత్వమువారికి మా సూచనలివి. మొదట, కోదండాపురమునుండి హైదరాబాదునకు పోవు మార్గములను, అక్కంపల్లి, ఉదయసముద్రము, ఎల్లూరులనుండి పల్లెలకు పోవు పెద్ద గొట్టములను లోపలినుండి పరీక్షింపజేసి, బలహీనమైన చోట్ల సెన్సరులను అమర్పవలెను. రెండవది, ప్రతి భాగమునకు ఒక అధికారిని బాధ్యునిగా నియమించి, హెచ్చరిక వచ్చిన ఎన్ని గంటలలో పని మొదలుపెట్టవలెనో నిర్ణయింపవలెను. మూడవది, ఆ హెచ్చరికలను, తీసికొన్న చర్యలను తెలుగులో గ్రామపంచాయతీ గోడమీద ప్రకటింపవలెను. నాల్గవది, నీరు ఆగిన ప్రతి పర్యాయమును, మార్గపు చివరనున్న గ్రామములలో ప్రజలు ఏ నీరు త్రాగుచున్నారో విచారించి, ఆ నీటిలోని ఫ్లోరైడును పరీక్షింపవలెను. ఐదవది, క్రొత్త పైలానులకు చేయు వ్యయమునుండి వేరుగా, వేసిన గొట్టముల రక్షణకు ప్రత్యేక నిధి నేర్పాటు చేసి, దానిని ఇతర పనులకు మళ్లింపరాదు.

ధనము లేదను సమాధానము వినబడవచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట మితవ్యయము కాదు. పగిలిన గొట్టమునకు చేయు మరమ్మతు, పోయిన నీరు, ఆ నీటిని ఎత్తుటకైన విద్యుత్తు, ట్యాంకరుల అద్దె, తిరిగివచ్చిన వ్యాధి, ఇవన్నియు ఒకచోట వ్రాసి చూచినచో లెక్క తేలును. 2020 అక్టోబరులో ఎల్లూరువద్ద కల్వకుర్తి ఎత్తిపోతల పంపుగృహము నీట మునిగినపుడు పాలమూరు మంచినీటికి కలిగిన కలతను ఆ ప్రాంతమువారు మఱచియుండరు. పథకము ఎవరు వేసిరి, ఎవరు చెఱచిరి అను వాదము శాసనసభలో ఎంతకాలమైనను సాగవచ్చును. ఆ వాదము ముగియువఱకు తుప్పు ఆగదు.

ప్రభుత్వమునకు చెప్పి ఊరకుండుటయు న్యాయము కాదు. భూస్వాములగు మా పాఠకులలో అనేకుల చేలగుండ ఈ గొట్టములు పోవుచున్నవి. గాలివాల్వును పగులగొట్టి చేనికి నీరు పెట్టుకొనువానిని చూచి చూడనట్లు ఊరకుండువారు మనలో లేరా? గొట్టము జాడ విచారింపక జేసీబీతో గట్లు చదునుచేయుట మన కండ్లయెదుట జరుగుటలేదా? పట్టణములలో కొళాయికి మోటారు బిగించి నీరు లాగువారు పొరుగింటి వాటాను హరించుచున్నారు. అంతేకాక గొట్టములో ఒత్తిడి తగ్గించి, మురికిని అందఱి ఇండ్లకును ఆహ్వానించుచున్నారు. ఎన్ని సెన్సరులు పెట్టినను ఈ చేష్టలను మాన్పునది పౌరుల కట్టుబాటే. చేనిలో చెమ్మ కనబడినంతనే కబురు పంపు రైతు ఏ యంత్రమునకును తీసిపోడు.

ఈ సీమలోని వృద్ధతరము ఫ్లోరైడు నీరు త్రాగి వంగిపోయినది. గొట్టపు నీరు వచ్చిన తరువాత పుట్టిన పిల్లలు నేడు బడికి పోవుచున్నారు. వారి ఎముకలు నిటారుగ నుండుట నేలలోని ఆ గొట్టము చెడకుండుటపై ఆధారపడియున్నది. దోమలపెంటలో యంత్రము ఆలస్యముగా వచ్చినది. మన ఊరి గొట్టములోనికి వచ్చు వేసవికి ముందే అది పోవలెను. దానిని పంపుట ప్రభుత్వము విధి. అది తెచ్చిన వార్త ఏమని అడిగి తెలిసికొనుట ప్రజల విధి.